నోరు మూసుకున్న గిటారు

ఫిబ్రవరి 6

గొంతు డాక్టరు నన్ను నోరు మూసుకోమంది. ఈ మాట ఇన్నేళ్లలో నాకు చాలామంది చెప్పారు గానీ, చీటీ మీద రాసి సంతకం పెట్టి ఇచ్చింది మాత్రం ఈవిడే.

ఆపరేషన్ నిన్న అయింది. స్వరతంత్రుల మీద మొలిచినదాన్ని తీసేశారు. పుండు మానేదాకా మాట్లాడకూడదు. గుసగుసగా కూడా కూడదట, అది మరీ చెడ్డదట. దగ్గొస్తే మింగాలి. నవ్వొస్తే మింగాలి. కోపమొస్తే ఏం చెయ్యాలో అడుగుదామనుకున్నాను. అడగకూడదు కదా.

స్టేషన్లో మైకు ముందు కూర్చుని బతికినవాణ్ని. ఏ రైలు ఎక్కడికొస్తుందో, ఎంత ఆలస్యమో, నేను చెప్తేనే జనం నమ్మేవాళ్లు. స్టేషన్లో "దయచేసి వినండి" అని మొదలుపెట్టేవాణ్నిట, ఇంట్లో ఆ మర్యాద కూడా లేకుండా వినిపించేవాణ్నిట. ఇది మా ఆవిడ ఫిర్యాదు.

తీసినదాన్ని పరీక్షకు పంపారు. దాని గురించి ఇక్కడ రాయను.

ఫిబ్రవరి 7

మా ఆవిడ తను పనిచేసే కళ్లజోళ్ల షాపు నుంచి వస్తూ ఒక తెల్ల పలక, తుడిచే గుడ్డ, నల్ల పెన్ను తెచ్చింది. ఈ వయసులో మళ్లీ పలక పట్టాను. మొదటగా ఏం రాయాలా అని చాలాసేపు ఆలోచించాను. చరిత్రలో నిలిచే మాట ఏదైనా రాద్దామనుకున్నాను. చివరికి "కూరలో ఉప్పు తక్కువైంది" అని రాశాను.

ఆవిడ చదివింది. ఉప్పు డబ్బా తెచ్చి నా ముందు పెట్టి, తన కంచం పట్టుకుని వెళ్లి కిటికీ దగ్గర కూర్చుని తింది.

పాల దుకాణం ఆయనకి పలక చూపిస్తే, నేను మాట్లాడలేనని అర్థం చేసుకుని, ఇక వినపడదని కూడా తీర్మానించుకున్నాడు. "ఎన్ని ప్యాకెట్లూ" అని వీధి చివరిదాకా వినపడేలా అరిచాడు. రెండు వేళ్లు చూపించాను. "రెండా" అని మళ్లీ అరిచాడు. మైకులో నా గొంతు విని జనం ఇలాగే దడుసుకునేవాళ్లేమో.

ఫిబ్రవరి 9

రోజంతా ఇంట్లో ఒక్కణ్నే. మధ్యాహ్నానికల్లా కిటికీ ఊచలు, గోడ మీది మేకులు, అన్నీ లెక్కపెట్టేశాను. చెక్క అలమర మీద నల్ల సంచీ కనిపించింది. మా బావమరిది కరెంటు గిటారు.

అది మా ఇంట్లో ఎందుకుందంటే, దాన్ని మోగించే యాంప్లిఫయర్ వాడి గదిలో ఉంది కాబట్టి. ఆ రెండూ ఒకే కప్పు కింద ఉంటే గది ఖాళీ చేయిస్తానని వాడి ఇంటి ఓనరు చెప్పాడట. అందుకని వాడు భార్యాభర్తల్ని విడదీసినట్టు వాటిని విడదీసి, ఒకదాన్ని మా ఇంట్లో పడేశాడు.

సంచీ విప్పాను. ఎర్రటి చెక్క. లోపల బోలుగా ఉండదు, గట్టి దిమ్మ. తీగ మీటితే డబ్బాలో చిక్కుకున్న దోమ చప్పుడొచ్చింది. గదిలోనే ఉన్న నాకు సరిగా వినపడలేదు, ఇక పక్కింటివాళ్లకి ఏం వినపడుతుంది. వేలమంది మధ్య అరవడానికి చేసిన వస్తువు, నోరు మూసుకుని అలమర మీద కూర్చుంది.

నాకూ దానికీ పోలిక ఉందని ఇక్కడ ఒక వాక్యం రాశాను. చదువుకుని సిగ్గేసి కొట్టేశాను.

ఫిబ్రవరి 10

గిటారు తీగలు నొక్కి నొక్కి వేళ్లు మండుతున్నాయి. పలక మీద పెన్ను కూడా పట్టుకోలేకపోతున్నాను. ఇప్పుడు నిజంగానే మూగవాణ్ని.

ఫిబ్రవరి 12

గిటారు బయటికి తీశానని మెసేజ్ పెట్టినప్పటి నుంచీ బావమరిది ఫోనులో బొమ్మలు పంపుతున్నాడు. గిటారు మెడ మీది మెట్లలో ఏ వేలు ఎక్కడ పెట్టాలో చుక్కలు పెట్టి మరీ. నేను వాడికి పాఠం చెప్పే వయసువాణ్ని. వాడు నాకు చెప్తున్నాడు. పైగా "భయపడకు బావా, చిన్నపిల్లలు కూడా నేర్చుకుంటారు" అని ధైర్యం చెప్తున్నాడు.

ఈ రోజు మొదటి పాట వచ్చింది. పాటంటే పాట కాదు. స్టేషన్లో ప్రకటనకు ముందు మోగే గంట ఉంటుంది కదా, టింగ్ టంగ్ టింగ్, అది. మూడు స్వరాలు. తప్పు లేకుండా వాయించి, మూడో స్వరం అవగానే అలవాటు కొద్దీ నోరు తెరిచాను. ఏ రైలూ రాలేదు. నోరు మూసుకున్నాను.

నాలో ఏదో ఉందని అనిపిస్తోంది. ఇంత త్వరగా అందరికీ రాదట. ఎవరు చెప్పారంటే, నేనే.

ఫిబ్రవరి 13

గొప్ప విషయం కనిపెట్టాను. గిటారు మెడ చివరి భాగాన్ని అలమర తలుపుకి ఆనిస్తే అలమర మొత్తం మోగుతుంది. చప్పుడు నాలుగింతలవుతుంది. ఊపులో కొంచెం గట్టిగా వాయించేసరికి లోపల హ్యాంగర్లన్నీ ఒకదాన్నొకటి కొట్టుకుని తాళం వేశాయి.

మా ఆవిడ వచ్చింది నేను చూసుకోలేదు. గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, "అలమరలో ఎవరున్నారు?" అని అడిగింది.

పలక మీద "అభిమానులు" అని రాశాను. నవ్వలేదు గానీ, చెప్పులు విప్పి లోపలికి రాకుండా అక్కడే ఇంకాసేపు నిలబడింది.

ఫిబ్రవరి 15

ఇంట్లో ఒక కొత్త సంగతి. మా ఆవిడ మాట్లాడుతుంది.

ఇదివరకు మాట్లాడేది కాదని కాదు. "ఊ", "అలాగా", "తర్వాత ఏమైంది", ఇవన్నీ మాట్లాడేది. ఇప్పుడు భోజనాల దగ్గర తనే మొదలుపెట్టి తనే ముగిస్తోంది. నిన్నటి నుంచీ ఒక ముసలావిడ గురించి చెప్తోంది. ఆవిడ రోజూ షాపుకొచ్చి ఒకే కళ్లజోడు పెట్టుకుని, అద్దంలో చూసుకుని, తీసి పెట్టేసి వెళ్లిపోతుందట. కొనదు. వద్దనీ చెప్పదు. షాపువాళ్లు ఆ జోడుని వేరేవాళ్లకి చూపించడం మానేశారట.

నేను మధ్యలో రెండు మంచి సలహాలు ఇవ్వబోయాను. పలక మీద "మరి అలాంటప్పుడు" అని రాసేసరికి ఆవిడ ముసలావిడని వదిలి లెన్సుల దగ్గరికి వెళ్లిపోయింది. అది తుడిచి "లెన్సులంటే" అని రాసేసరికి కంచాలు తీసేసింది.

అసలు సంగతేమిటంటే, తను ఆ షాపులో ముందు కౌంటర్లో కూర్చుంటుందని ఇన్నేళ్లూ అనుకున్నాను. కాదట. వెనక గదిలో లెన్సుల్ని ఫ్రేముకి సరిపడా అరగదీసే మిషను మీద పని చేసేది తనేనట. అది నాకు ఎప్పుడో చెప్పే ఉంటుంది. నేను ఏదో చెప్తున్నప్పుడు చెప్పి ఉంటుంది.

ఫిబ్రవరి 16

ఆస్పత్రి నుంచి కబురు లేదు. ఆ సంగతి రాయనన్నాను. రాయడం లేదు. ఫోను ఛార్జింగులో ఉందో లేదో మాత్రం చూసుకున్నాను, గిటారు బొమ్మల కోసం.

గంట పాట తిరగేసి కూడా వాయించగలుగుతున్నాను. బావమరిదికి పలక ఫొటో తీసి పంపాను: "నాకు వచ్చేసింది."

ఫిబ్రవరి 18, ఆదివారం

రాయాలని లేదు. రాస్తాను.

నా ఫొటో చూసి ముచ్చటపడి బావమరిది యాంప్లిఫయర్‌ని స్కూటరు మీద కట్టుకుని వచ్చాడు. మా పైఇంట్లో ఉండే పెద్దాయన వాళ్లు ఊళ్లో లేరు, మధ్యాహ్నం, ఇంతకన్నా మంచి సమయం దొరకదన్నాడు. మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చుంది. నేను జుట్టు దువ్వుకున్నాను. ఇది రాయకపోయినా పోయేది, కానీ దువ్వుకున్నాను.

వాడు కేబుల్ గుచ్చి స్విచ్ వేశాడు. నేనింకా ఏమీ వాయించకముందే గదంతా హుమ్మని మూలగడం మొదలైంది. వేలు తీగ మీద పెట్టడానికి జరిపితే కీచుమంది. సరే అని ధైర్యంగా మొదటి స్వరం మీటాను. అది వచ్చింది. దానితో పాటు నేను ముట్టుకోని తీగలన్నీ కూడా, మమ్మల్నెవరూ పిలవలేదు కాబట్టి మేమే వచ్చాం అన్నట్టు, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. రెండో స్వరానికి కిటికీ అద్దం మోగింది. మూడోది వెయ్యకుండా ఆపేద్దామనుకున్నాను, కానీ ఆపినా అది ఆగలేదు. వీధి అరుగు మీద పడుకున్న కుక్క లేచి, మా ఇంటివైపు ఒకసారి చూసి, అవతలి వీధికి వెళ్లిపోయింది.

బావమరిది మంచివాడు. వాల్యూము తగ్గించి మెల్లగా చెప్పాడు.

"యాంప్ లేకపోతే నువ్వు వాయించిందొక్కటే వినపడుతుంది బావా. నువ్వు వాయించకూడనిది కూడా వినపడేది దీంట్లోనే. పైగా వినపడాలని తీగల్ని బాదేస్తున్నావు. అంత అక్కర్లేదు. ముట్టుకుంటే చాలు."

అప్పుడు మా ఆవిడ వైపు చూశాను. చీర కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. భుజాలు ఎగురుతున్నాయి. కుర్చీలో ఉండలేక కిందికి జారి నేల మీద కూర్చుంది. తను అలా నవ్వడం ఎప్పుడు చూశానో గుర్తు రాలేదు. చూస్తూ చూస్తూ నేనూ నవ్వేశాను.

నవ్వాననుకున్నాను. బయటికొచ్చింది తుప్పుపట్టిన గొళ్లెం లాగినట్టు ఉంది. అది నా నోట్లోంచి వచ్చిందని అర్థం కావడానికి ముగ్గురికీ కాస్త టైం పట్టింది.

తను మోకాళ్ల మీద వచ్చి నా నోటి మీద అరచెయ్యి పెట్టి నొక్కింది. చాలాసేపు తియ్యలేదు. యాంప్లిఫయర్ మూలుగుతూనే ఉంది.

ఫిబ్రవరి 19

గొంతులో గొట్టం పెట్టి చూసి, డాక్టరు నా వైపు కాకుండా మా ఆవిడ వైపు తిరిగి, "ఎందుకు నవ్వించారు?" అంది. మా ఆవిడ "గిటారు వాయించారండీ" అంది. డాక్టరు ఇంకేమీ అడగలేదు. పుండు కాస్త రేగిందట, ఇంకో వారం మౌనం.

పరీక్ష ఫలితం ఇంకా రాలేదని డాక్టరే చెప్పింది. నేను అడగలేదు. అడగకపోవడం నాకిప్పుడు బాగా అలవాటైంది.

ఫిబ్రవరి 20

గిటారు సంచీలో పెట్టి అలమర మీదికి ఎక్కించాను. బావమరిది యాంప్లిఫయర్ తీసుకుని వెళ్లిపోయాడు. ఆ అధ్యాయం ముగిసింది. మనిషికి తన హద్దు తెలియాలి.

ఫిబ్రవరి 20, సాయంత్రం

దించాను.

చేతులు ఊరికే ఉండటం లేదు. బాదకుండా ముట్టుకోవడం నేర్చుకుంటున్నాను. మెల్లగా వాయిస్తే అసలే వినపడదు. అందుకని గిటారు కొమ్ములాంటి భాగాన్ని దవడకి ఆనించుకుని వాయించాను. ఎముకలోంచి తలలోకి వినపడుతుంది. గదిలో ఎవరికీ వినపడదు, నాకు మాత్రం గుడిలో గంట మోగినట్టుంది. ఇలా దవడ ఆనించి, మెడ వంచి, కళ్లు మూసుకుని ఉన్న మనిషిని కిటికీలోంచి ఎవరైనా చూస్తే, చెరకు గడ తింటున్నాడనుకుంటారు.

మోగకూడని తీగల్ని అరచేత్తో అదిమిపెట్టడం కష్టంగా ఉంది. వాయించడం కన్నా ఊరుకోబెట్టడమే ఎక్కువ పని.

ఫిబ్రవరి 22

ఈ రోజు షాపు సెలవు. మధ్యాహ్నం భోజనమయ్యాక మంచం మీద కూర్చుని వాయిస్తున్నాను. మా ఆవిడ వచ్చి, "ఏం వినపడుతోంది మీకు అందులో?" అంది. దవడ పక్కకి తీసి, గిటారు ఆవిడ వైపు తిప్పాను. తను నేల మీద కూర్చుని, చెక్కకి చెవి ఆనించి, నావైపు వీపు పెట్టింది.

వాయించాను. గంట పాట, తర్వాత తిరగేసిన గంట పాట. నాకున్నవి అవే.

"బాగుంది," అంది. "దూరంగా ఎవరో వాయిస్తున్నట్టుంది."

తర్వాత చెవి తియ్యకుండానే, నేల వైపు చూస్తూ చెప్పింది. "రెండేళ్ల కిందట నాకు రొమ్ములో గడ్డ తగిలింది. ఎడమవైపు."

నా వేళ్లు ఆగిపోయాయి.

"వాయించండి. ఆపితే చెప్పలేను."

వాయించాను. ఆవిడ చెప్పింది. షాపులో సెలవు పెట్టి ఒక్కతే ఆస్పత్రికి వెళ్లిందట. సూదితో ముక్క తీశారట. ఫలితం రావడానికి వారం పట్టిందట. ఆ వారమంతా మిషను మీద ఒక్క లెన్సు కూడా పాడు చెయ్యలేదట, అది తనకే ఆశ్చర్యంగా ఉండేదట. చివరికి ఏమీ లేదని తేలింది. ఆ కాగితం సంచీలో పెట్టుకుని ఇంటికొచ్చిందట, నాతో చెప్దామని.

"మీరు ఆ రోజు ప్లాట్‌ఫాం కథ చెప్తున్నారు. ఒకటికి బదులు నాలుగని చెప్పి జనాన్నంతా వంతెన ఎక్కించారే, అది. ఒక్కొక్కరు ఎలా పరిగెత్తారో గొంతులు మార్చి మరీ చెప్పారు. నేనూ నవ్వానండీ. నిజంగా బాగా చెప్పారు. మధ్యలో రెండుసార్లు చెప్దామనుకున్నాను. కథ అయ్యేసరికి మీకు నిద్రొచ్చింది."

పలక అవతలి గదిలో ఉంది. నా చేతిలో ఉన్న తీగల్లో ఏదో ఒకటి తప్పు మీటాను.

"దెబ్బలాడటానికి చెప్పట్లేదు," అంది. "ఎదురుచూడటం ఎలా ఉంటుందో నాకు తెలుసని చెప్తున్నాను. మీరు ఫోను ఎన్నిసార్లు చూసుకుంటున్నారో నాకు కనపడుతోంది. నాకు చెప్పకుండా ఎదురుచూడకండి, అంతే."

ఆ తర్వాత కూడా లేవలేదు. నేనూ ఆపలేదు. వేళ్లు మండినా ఆపలేదు.

ఫిబ్రవరి 23

ఆ ప్లాట్‌ఫాం కథ నేను ఎంతమందికి చెప్పానో.

ఫిబ్రవరి 24

ఫోను తన చేతికిచ్చేశాను. ఆస్పత్రి నుంచి కాల్ వస్తే తనే ఎత్తుతుంది.

ఫిబ్రవరి 26

వచ్చింది. రమ్మన్నారు. ఎందుకో ఫోనులో చెప్పలేదు. ఆటోలో ఇద్దరం చెరోవైపు చూస్తూ కూర్చున్నాం. ఆస్పత్రి బల్ల మీద కూర్చున్నాక తను నా చెయ్యి తీసుకుని వేళ్ల చివర్లు తడిమి చూసింది. కాయలు కాశాయి. "గట్టిగానే వాయిస్తున్నారు," అంది.

డాక్టరు కాగితం తిప్పి చూపించింది. మామూలు కండ పెరుగుదల. క్యాన్సర్ కాదు.

ఇప్పుడు ఆ మాట రాయొచ్చు. క్యాన్సర్ కాదు.

మా ఆవిడ ఏడవలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. మళ్లీ తీసి తుడుచుకుంది. నేను మాత్రం లేవబోయి మళ్లీ కూర్చున్నాను. డాక్టరు నీళ్లిప్పించింది.

రేపటి నుంచి మాట్లాడొచ్చు, కొంచెం కొంచెంగా. గొంతు మాత్రం పాతదిలా ఉండకపోవచ్చు. మైకు ఉద్యోగం ఇక కుదరదు. ఆ సంగతి స్టేషనుకి మెసేజ్ పెడితే, సాయంత్రానికే ప్రయాణికుల సామాను దాచే గదిలోకి మారుస్తామని జవాబొచ్చింది. మంచిదే. పెట్టెలు మాట్లాడవు, మాట్లాడమనవు. నా ప్రకటనలు విని అలిగి వెళ్లిన ప్రయాణికులు ఎవరైనా వస్తే పోల్చుకోలేరు కూడా.

ఇంటికొచ్చాక పలక మీద రాశాను: "మొదటి మాట రేపు సాయంత్రం నీతోనే. అప్పటిదాకా దాచుకుంటాను." ఆవిడ చదివి, "ఉప్పు గురించి కాకపోతే చాలు," అంది.

ఫిబ్రవరి 27

తను షాపుకి వెళ్లాక ఉపన్యాసం తయారుచేశాను. మంచి ఉపన్యాసం. ఆరంభం, మధ్యలో ఒక హాస్యం, చివర్లో కాస్త బరువు. సాయంత్రం తడబడకూడదు కదా అని, ఒక్క మాట పలికి చూద్దామనుకున్నాను. గొంతు సవరించకూడదన్నారు, సవరించలేదు. పలికాను.

ఎవరో ఇనప పెట్టె నేల మీద ఈడ్చారు. మళ్లీ పలికాను. మళ్లీ ఈడ్చారు. ఆ గొంతు నాది కాదు. పైఇంటి పెద్దాయన బొంగురు గొంతు కూడా ఇంతకన్నా నయం.

గిటారు తీసి కాసేపు వాయించాను. తేలిగ్గా, ముట్టుకున్నట్టుగా. మొదటిసారి ఒక తీగ మోగుతుంటే మిగతావి ఊరుకున్నాయి. చెప్పడానికి ఎవరూ లేరు. సాయంత్రం తను గుమ్మంలో నిలబడి ఈ గొంతు వింటే మొహం ఎలా పెడుతుందో ఊహించుకున్నాను. చూడలేననిపించింది. మొహం కనపడకుండా ఆ పని అవగొట్టేద్దామని, నిన్న తను తిరిగిచ్చేసిన ఫోనుతో షాపు నంబరుకి చేశాను.

"కళ్లజోళ్ల షాపండీ, చెప్పండి," అంది మా ఆవిడ. వెనక మిషను తిరుగుతోంది.

నేనని చెప్పబోయాను. నోట్లోంచి వచ్చింది వేరు. "స్టేషన్లో ప్రకటనలు చెప్పే ఆయన ఇంటివాళ్లేనా?"

"అవునండీ. ఎవరండీ మాట్లాడేది?"

"ఆయనతో ఒక మాట చెప్పాలి."

"ఆయనకి గొంతు ఆపరేషనైందండీ. ఈ రోజు నుంచే మాట్లాడాలి, అదీ సాయంత్రం దాకా దాచుకుంటానన్నారు. ఏదైనా ఉంటే నాతో చెప్పండి."

ఉపన్యాసం ఒక్క ముక్క గుర్తు రాలేదు.

"ఆయన చాలా భయపడ్డారండీ," అన్నాను. "ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు నుంచీ. చేతులు వణుకుతున్నాయని గిటారు పట్టుకున్నారు. అంతకుమించి ఏం లేదు. పాట రావాలనీ లేదు."

అవతల మిషను ఆగింది.

"ఇంకా?" అంది.

"రెండేళ్ల కిందట ఆ వారమంతా వాళ్లావిడ ఒక్కతే ఎలా ఉందో అడగాలని ఉంది ఆయనకి. ఎలా అడగాలో తెలియట్లేదు. ఎప్పుడూ చెప్పడమే గానీ అడగడం అలవాటు లేదు."

గొంతు అక్కడికి అరిగిపోయింది. డాక్టరు ఇచ్చిన కొంచెం అయిపోయింది. ఫోను చెవికి అదుముకుని కూర్చున్నాను. అవతల షాపులో ఎవరో తలుపు తీసి వేసిన చప్పుడు, ఆ తర్వాత చాలాసేపు తన ఊపిరి.

"సరేనండీ," అంది చివరికి. "ఆయనకి చెప్తాను లెండి. ఈ పూట పర్మిషన్ అడిగి తొందరగా వచ్చేస్తున్నానని కూడా చెప్తాను."